పుర్రె చిమ్మట తేనెపట్టులోకి ఎలా చొరబడుతుంది: అరుపుతోనా, వాసనతోనా?

వానచినుకు:
సభ్యులందరికీ నమస్కారం. వీపు మీద మనిషి పుర్రెను పోలిన మచ్చ ఉండే పెద్ద చిమ్మట గురించి ఈ వేదికలో ఇదివరకు అక్కడక్కడా ప్రస్తావన వచ్చిందే తప్ప, దాని జీవన విధానం గురించి వివరంగా ఎవరూ రాయలేదు. అకెరాన్షియా ప్రజాతికి చెందిన ఈ చిమ్మట రాత్రివేళ తేనెపట్టులోకి దూరి తేనె తాగి వెళుతుందనీ, చేత్తో పట్టుకుంటే ఎలుకపిల్లలా కీచుమంటుందనీ చదివాను. ఆ కీచు రాణి ఈగ చేసే శబ్దాన్ని పోలి ఉంటుందనీ, అందువల్లనే కూలి ఈగలు దాన్ని కుట్టకుండా కదలక నిలబడిపోతాయనీ చాలామంది రుజువైన విషయంగానే రాస్తున్నారు. వేల ఈగలు కాపలా ఉండే గూటిలోకి అంత పెద్ద పురుగు ఒక్క అరుపుతో దారి సంపాదించుకుంటుందంటే నాకు నమ్మకం కుదరడం లేదు. దీని మీద జరిగిన పరిశోధనలు తెలిసినవారు వివరించవలసిందిగా కోరుతున్నాను.

నిశిరెక్క:
ముందుగా ఏ పురుగు గురించి మాట్లాడుకుంటున్నామో తేల్చుకుంటే చర్చ సులువవుతుంది. ఈ ప్రజాతిలో ఉన్నవి మూడే జాతులు. ఆఫ్రికాలోనూ ఐరోపాలోనూ కనిపించే అట్రోపోస్‌కు లిన్నేయస్ 1758లో పేరు పెట్టాడు. ఆసియాలో ప్రధానంగా కనిపించేవి రెండు: 1798లో ఫాబ్రీషియస్ వర్ణించిన లాకెసిస్, 1847లో వెస్ట్‌వుడ్ వర్ణించిన స్టిక్స్. గ్రీకు పురాణాల ప్రకారం ఆయుర్దారాన్ని కొలిచే దేవత లాకెసిస్, దాన్ని తెంచే దేవత అట్రోపోస్, మృతుల లోకాన్ని చుట్టి పారే నది స్టిక్స్. ఆ మచ్చ మన ఊహలను ఎంతగా కలవరపెట్టిందో ఈ పేర్లే చెబుతాయి గానీ, పురుగు జీవితంలో పుర్రెకున్న పాత్ర స్వల్పమేనని నా అభిప్రాయం. తేనెపట్టు లోపలి చిమ్మచీకటిలో దాన్ని చూసే కళ్ళే లేవు.

దీని అసలు విశేషం తొండంలో ఉంది. పుర్రె చిమ్మట చేరిన స్ఫింజిడే కుటుంబపు చిమ్మటలు సాధారణంగా పువ్వు ముందు గాలిలో నిలిచి, పొడవైన తొండంతో లోతైన గొట్టం లాంటి పూలలోని మకరందాన్ని పీలుస్తాయి. పుర్రె చిమ్మటకు దగ్గరి చుట్టమైన అగ్రియస్ కన్వాల్వులై తొండం దాని శరీరం కంటే పొడవుగా, పది సెంటీమీటర్ల వరకు ఉంటుంది. పుర్రె చిమ్మట మాత్రం రెక్కలు చాపితే 9 నుంచి 13 సెంటీమీటర్ల వెడల్పు ఉండే భారీ పురుగు అయినప్పటికీ, దాని తొండం రెండు సెంటీమీటర్లకు కూడా చేరదు. ఆ పొట్టి తొండం దృఢంగా, లావుగా, కొస వాడిగా ఉండి, మైనపు మూత వేసిన తేనె గదిని పొడిచి చీల్చడానికి సరిగ్గా సరిపోతుంది. లోతైన పూల మీద అది దాదాపు నిరుపయోగం. చెట్ల నుంచి కారే రసాన్నీ, మగ్గిన పండ్ల రసాన్నీ కూడా ఈ చిమ్మటలు తాగుతాయి. అయినా ఆ తొండం ఆకృతిని చూస్తే, తేనె దొంగతనం వీటికి అప్పుడప్పుడూ దొరికే అవకాశం కాదనీ, వంశపారంపర్యంగా స్థిరపడిన వృత్తి అనీ ఒప్పుకోక తప్పదు.

తేనెగూడు:
నేను పుట్ట తేనెటీగలనూ, ఐరోపా తేనెటీగలనూ పెట్టెల్లో పెంచుతాను గనుక ఆ వైపు నుంచి కొన్ని మాటలు రాస్తాను. ఆసియా జాతుల చిమ్మటలు పుట్ట తేనెటీగల గూళ్ళలోకి దూరడం తేనె పెంపకందారులకు తెలిసిన సంగతే. పొద్దు గూకిన తరువాత ద్వారం దగ్గర వాలి, రెక్కలు దగ్గరకు ముడుచుకుని, ఏమాత్రం తటపటాయించకుండా నడిచి లోపలికి పోతాయి. తలుపు ఎత్తును 8 మిల్లీమీటర్లకు తగ్గిస్తే ఈగలు సులభంగా తిరుగుతాయి, చిమ్మట లావైన వక్షభాగం మాత్రం పట్టదు. పెట్టెల్లో పెంచేవారికి ఇంతకుమించిన జాగ్రత్త అవసరం లేదు.

ఈ ఉపాయాన్ని ఈగలే మనకంటే ముందు కనిపెట్టాయని చెప్పడానికి ఒక పాత సాక్ష్యం ఉంది. చూపు కోల్పోయినా సహాయకుల కళ్ళతో తేనెటీగలను జీవితాంతం పరిశీలించిన స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞుడు ఫ్రాంస్వా ఉబేర్, 1804లో అట్రోపోస్ చిమ్మటల దాడి ఎక్కువైనప్పుడు ఈగలు మైనాన్నీ, చెట్ల జిగురుతో తాము తయారుచేసుకునే ప్రోపోలిస్ అనే బంకనూ కలిపి ద్వారానికి అడ్డుగోడలు కట్టి, ఒకటి రెండు ఈగలు పట్టేంత సందులు మాత్రమే ఉంచుకున్నాయని నమోదు చేశాడు. మరుసటి వసంతంలో రాకపోకలు పెరగగానే ఆ గోడలను అవే పడగొట్టాయి. 1807లో చిమ్మటలు మళ్ళీ కనిపించగానే గోడలు మళ్ళీ లేచాయి. పుట్ట తేనెటీగలకు ప్రోపోలిస్ సేకరించే అలవాటు లేదు కనుక, వాటి నుంచి ఇలాంటి కోటగోడను ఆశించలేము.

సందేహి:
తేనెగూడు గారు చెప్పినదాన్ని బట్టే నాకు ఒక ప్రశ్న వస్తోంది. అరుపు విని ఈగలు మంత్రముగ్ధం అయిపోయేటట్లయితే, అవి గోడలు కట్టుకోవలసిన అవసరం ఏముంది? ఐరోపా తేనె పెట్టెల్లో చచ్చిపడిన పుర్రె చిమ్మటలు, వాటి మీద ప్రోపోలిస్ పూత కనిపించడం కూడా మామూలేనని చదివాను. బయటికి మోయలేనంత పెద్ద శవాన్ని కుళ్ళకుండా పూత పూసి వదిలేయడం ఈగల పద్ధతి. అంటే కనీసం కొన్ని దొంగలు దొరికిపోతున్నాయి, ప్రాణాలు కోల్పోతున్నాయి. ఇది ఏ మంత్రమూ సంపూర్ణంగా పనిచేయడం లేదనడానికి నిదర్శనం కాదా?

నిశిరెక్క:
నిదర్శనమే. అయితే రక్షణ సంపూర్ణం కాకపోవడం వేరు, అసలు లేకపోవడం వేరు. ఈ విషయంలో అన్నిటికంటే బలమైన ఆధారం 1991లో మోరిట్జ్, కిర్ష్‌నర్, క్రూ అనే ముగ్గురు ప్రచురించిన పరిశోధన. వారు అట్రోపోస్ చిమ్మట శరీరం పైపొర మీది రసాయనాలను పరీక్షించి, పామిటోలెయిక్, పామిటిక్, స్టియరిక్, ఒలెయిక్ అనే నాలుగు కొవ్వు ఆమ్లాలు తేనెటీగల ఒంటి మీద ఉండే గాఢతలోనూ అదే నిష్పత్తిలోనూ ఉన్నాయని చూపారు. చీకటి గూటిలో ఒక ఈగ మరొక ఈగను గుర్తించేది ముఖ్యంగా స్పర్శశృంగాలతో వాసన పసిగట్టి. ఆ పరీక్షలో పరాయిగా తేలనిది ఎంత పెద్దదైనా వెంటనే శత్రువు కాదు. వానచినుకు గారు అడిగిన ప్రశ్నకు నా సమాధానం ఇదే: తలుపు తెరిచేది వాసన.

దీనికి తోడు మరి రెండు కవచాలు ఉన్నాయి. చిమ్మట ఒంటి అవభాసిని, అంటే గట్టి పైపొర, మందంగా ఉంటుంది. దాని మీద దట్టమైన పొలుసులూ, నూగూ పరచుకుని ఉంటాయి. ఈగ ముల్లు దిగడానికి శరీర ఖండాల మధ్య ఉన్న మెత్తటి కీళ్ళు దొరకాలి. ముల్లు దిగినా, అదే పరిమాణంలో ఉండే ఇతర పురుగులతో పోలిస్తే ఇది తేనెటీగ విషాన్ని ఎక్కువగా తట్టుకుంటుంది. వాసన మోసం కొంతసేపు పనిచేస్తే, మిగిలిన సమయాన్ని కవచం సంపాదిస్తుంది. రెండూ సరిపోనప్పుడు సందేహి గారు చెప్పిన శవాలు మిగులుతాయి.

శబ్దగ్రాహి:
అరుపు విషయాన్ని కొంచెం వివరంగా చూడవలసి ఉంది, ఎందుకంటే అది రాణి ఈగను అనుకరిస్తుందా లేదా అన్న ప్రశ్న కంటే, అది ఎలా పుడుతుందన్న ప్రశ్నకు మన దగ్గర ఎంతో మెరుగైన జవాబు ఉంది.

మిడతలు, కీచురాళ్ళు ఒక అవయవాన్ని మరొకదానితో రాపిడి చేసి శబ్దం పుట్టిస్తాయి. పుర్రె చిమ్మట అలా కాక, గాలిని ఉపయోగించి నోటితో శబ్దం చేస్తుంది. కీటకాల్లో ఇది చాలా అరుదైన పద్ధతి. దాని గ్రసని, అంటే తేనెను లోపలికి పీల్చే కండరాల సంచి, ఒక్కసారిగా వ్యాకోచించినప్పుడు పొట్టి తొండం గుండా గాలి లోపలికి దూసుకువస్తుంది. ఆ దారి మీద వేలాడే ఎపిఫారింక్స్ అనే చిన్న పలక ఆ గాలికి వేగంగా కంపిస్తూ, తెంపులు తెంపులుగా వినిపించే మొదటి భాగాన్ని పుట్టిస్తుంది. తరువాత సంచి ముడుచుకుంటుంది, గాలి బయటికి వెళుతుంది, అప్పుడు ఈల లాంటి రెండో భాగం వస్తుంది. ఈ రెండు దశల వివరణను 1920లోనే ప్రెల్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించాడు. 2015లో బ్రేమ్, ఆయన సహచరులు బతికి ఉన్న చిమ్మట గ్రసనిని ఎక్స్‌రే చలనచిత్రాలతోనూ, అతివేగ వీడియోతోనూ చిత్రీకరించి, ప్రెల్ ఆలోచనను కొత్త సాధనాలతో పరిశీలించారు. తేనె పీల్చే పంపునే అరిచే పరికరంగా వాడుకోవడం నాకు ఈ పురుగులో అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించే విషయం. పొడవైన సన్నని తొండం ఉన్న చిమ్మటకు ఇంత గాలిని ఇంత వేగంగా లాగడం కష్టమయ్యేది. దొంగతనానికి పనికివచ్చిన పొట్టి తొండమే అరుపుకూ వీలు కల్పించి ఉంటుందని నేను అనుకుంటాను.

ఇక రాణి ఈగ సంగతి. కొత్తగా వెలువడిన రాణి ఈగ ఒంటిని మైనపు పట్టుకు ఆనించి, రెక్కల కండరాలను అదిలించి, సుమారు 400 హెర్ట్‌జ్ స్థాయిలో కూత పెడుతుంది. ఆ కంపనం మైనం గుండా వ్యాపించినప్పుడు కూలి ఈగలు కొన్ని క్షణాలు కదలకుండా నిలిచిపోతాయన్నది నిజమే. చిమ్మట కీచు స్థాయి అంతకంటే ఎన్నో రెట్లు హెచ్చు. పైగా అది గాలిలో పుట్టే శబ్దం, తేనెటీగలు ప్రధానంగా స్పందించేదేమో కాళ్ళ కింది కంపనాలకు. ఈ రెండు శబ్దాల మధ్య పోలిక ఉందన్నది చాలాకాలంగా చలామణిలో ఉన్న ఊహ. దాన్ని రుజువైన విషయంగా రాయడం సరికాదు.

ఆ అరుపు ఎవరి కోసం అంటే, పట్టుకున్నవారి కోసం అన్నదే సహజమైన సమాధానం. చేతిలో నలిగినప్పుడు, ముక్కుతో పొడవబడినప్పుడు, పంజాకు చిక్కినప్పుడు ఇది అరుస్తుంది. ఒక్కసారిగా వచ్చిన కీచుకు పక్షో, ఎలుకో ఒక్క క్షణం పట్టు సడలించినా చిమ్మటకు అది చాలు.

వానచినుకు:
శబ్దగ్రాహి గారికీ, నిశిరెక్క గారికీ కృతజ్ఞతలు. గబ్బిలాల మాటేమిటి? రాత్రి ఎగిరే ఇంత పెద్ద పురుగు వాటికి మంచి ఆహారం కదా. అరుపు వాటిని కూడా ఉద్దేశించినదేనా?

శబ్దగ్రాహి:
గబ్బిలం విషయంలో అరుపు కంటే వినికిడి ఎక్కువ ఆసక్తికరం. చాలా చిమ్మటలకు చెవులు వక్షం మీదనో, ఉదరం మీదనో ఉంటాయి. పుర్రె చిమ్మట, దాని సమీప బంధువులు నోటి భాగాలతో వింటాయి. తొండానికి ఇరువైపులా ఉండే పాల్పులు, వాటిని తాకే పిలిఫర్ అనే చిన్న అవయవం కలిసి గబ్బిలాల అతిధ్వనులను పసిగడతాయని గోప్‌ఫర్ట్, వాసర్తాల్ 1999లో ప్రచురించారు. ఇదే కుటుంబంలోని మరొక శాఖలో కూడా నోటి చెవులు ఉన్నాయి గానీ, అక్కడి నిర్మాణం వేరు కనుక రెండు చోట్లా అవి విడివిడిగా పరిణమించాయని భావిస్తున్నారు. ఒకే నోటితో తాగడం, అరవడం, వినడం చేసే పురుగు ఇది.

పైరుపచ్చ:
చర్చ అంతా రెక్కల పురుగు చుట్టూ తిరుగుతోంది. ఈ పురుగును రైతులు ఎక్కువగా చూసేది గొంగళి రూపంలోనే కనుక, ఆ దశ గురించి కొంత రాయడం అవసరమని భావిస్తున్నాను.

తల్లి పురుగు ఆకుల అడుగున గుడ్లను ఒక్కొక్కటిగా పెడుతుంది. గుంపుగా పెట్టే పురుగుల్లాగా ఒకే మొక్క మీద పదుల గొంగళ్ళు కనిపించకపోవడానికి కారణం ఇదే. స్టిక్స్ జాతి గొంగళి నువ్వు పైరు మీద తరచుగా కనిపిస్తుంది. వంగ, బంగాళాదుంప, ఉమ్మెత్త, చిక్కుడు, మల్లె కూడా ఈ ప్రజాతి ఆహారపు మొక్కలే. వంగ కుటుంబం, నువ్వు కుటుంబం, మల్లె కుటుంబం వృక్షశాస్త్ర రీత్యా వేర్వేరు. ఇన్ని కుటుంబాల ఆకులను అరిగించుకోగల గొంగళి సహజంగానే విస్తారమైన ప్రాంతంలో బతకగలదు.

పూర్తిగా ఎదిగిన గొంగళి 12 సెంటీమీటర్ల పొడవు, మనిషి బొటనవేలంత లావు ఉంటుంది. ఒకే తల్లి పిల్లల్లోనే ఆకుపచ్చ, పసుపు, గోధుమ రంగులు కనిపించవచ్చు. పసుపు, ఆకుపచ్చ రకాల పక్కల మీద నీలి, ఊదా రంగు ఏటవాలు చారలు ఉంటాయి. గోధుమ రకం మీద ఈ చారలు అంత స్పష్టంగా కనిపించక, ఒళ్ళంతా బెరడు పోలికతో ఉంటుంది. తోక దగ్గర కొమ్ము చిన్న వయసులో నిటారుగా, నల్లగా ఉండి, ఎదిగేకొద్దీ వంపు తిరిగి గరుకుగా మారుతుంది. ఆ కొమ్ము చూసి చాలామంది కుడుతుందని భయపడతారు. దానిలో ముల్లూ లేదు, విషమూ లేదు. గొంగళి కోపం వస్తే చేసేది దవడలను టకటక కొట్టడం మాత్రమే. అంటే ఈ పురుగుకు రెండు దశల్లోనూ శబ్దం ఉంది, రెండింటి యంత్రాంగాలూ వేరు.

ఒక గొంగళి చివరి దశలో తినే ఆకు మొత్తం చూస్తే రైతుకు కంగారు పుట్టడం సహజం. కానీ గుడ్లు చెదురుమదురుగా పెట్టడం వల్ల దీన్ని నువ్వు పైరులో పెద్ద తెగులుగా పరిగణించవలసిన సందర్భాలు తక్కువ. కనిపించిన గొంగళిని చేత్తో ఏరివేయడం, పైరు కోసిన తరువాత లోతుగా దున్ని నేలలోని ప్యూపాలను (గొంగళి రెక్కల పురుగుగా మారే మధ్య దశ) పక్షులకు కనిపించేలా చేయడం సాధారణంగా సరిపోతుంది. ఒకటి రెండు గొంగళ్ళను చూసి పురుగుమందు పిచికారీ చేయడం నా దృష్టిలో అనవసరమైన ఖర్చే కాక, నష్టదాయకం కూడా. పూతలో ఉన్న నువ్వు మీద తేనెటీగలు విపరీతంగా తిరుగుతాయి. పైగా డ్రైనో వంటి టాకినిడ్ ఈగలు ఈ గొంగళ్ళ మీదే గుడ్లు పెట్టి, వాటిని లోపలి నుంచి తినేస్తూ మన పనిని ఉచితంగా చేసిపెడుతుంటాయి. మందు వాటిని ముందు చంపుతుంది.

సందేహి:
ప్యూపా ఎంత లోతున ఉంటుందో కూడా పైరుపచ్చ గారు చెబితే బాగుంటుంది. లోతు దుక్కి అంటే ఒక్కొక్కరికి ఒక్కొక్క అర్థం ఉంది.

పైరుపచ్చ:
అట్రోపోస్ విషయంలో 15 నుంచి 40 సెంటీమీటర్ల లోతు నమోదైంది. నేల గుల్లగా ఉంటే ఎక్కువ లోతుకు, గట్టిగా ఉంటే పైపైనే ఉండిపోతుంది. గొంగళి అక్కడ మట్టిని ఒత్తి, లోపల నున్నగా ఉండే ఒక గది చేసుకుంటుంది. పట్టుపురుగులాగా దారపు గూడు అల్లదు. ప్యూపా ఎర్రటి గోధుమ రంగులో, నిగనిగలాడుతూ, ఏడెనిమిది సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. లోతున ఉన్నవన్నీ నాగలికి దొరకవు, దొరకనక్కరలేదు కూడా.

దూరతీరం:
నేలలోని ప్యూపా గురించి మాట వచ్చింది కనుక వలస గురించి చెప్పడానికి ఇదే సందర్భం. మధ్య ఐరోపా చలికి అట్రోపోస్ ప్యూపాలు సాధారణంగా బతకవు. అయినా ప్రతి ఏటా అక్కడ ఈ చిమ్మటలు కనిపించడానికి కారణం, వసంతంలో ఆఫ్రికా నుంచీ మధ్యధరా తీరాల నుంచీ అవి ఉత్తరానికి ఎగిరి రావడమే. అక్కడ పుట్టిన తరం శరదృతువులో ఆల్ప్స్ పర్వతాలను దాటి దక్షిణానికి వెళుతుంది. దారి చూపే పెద్దలెవరూ లేని ప్రయాణం ఇది, ఎందుకంటే వచ్చిన తరం అప్పటికే చనిపోయి ఉంటుంది.

ఇవి ఎలా ఎగురుతాయో 2022లో సైన్స్ పత్రికలో మెంజ్ బృందం ప్రచురించిన పరిశోధన మొదటిసారిగా వివరంగా చూపింది. జర్మనీలోని కాన్‌స్టాన్స్ నుంచి 14 చిమ్మటలకు గ్రాములో మూడో వంతు కూడా లేని రేడియో పరికరాలు అంటించి వదిలి, చిన్న విమానంలో వాటి వెంట రాత్రివేళ తిరిగారు. ఒక చిమ్మటను దాదాపు 90 కిలోమీటర్ల దూరం, సుమారు నాలుగు గంటల పాటు అనుసరించగలిగారు. ఎదురుగాలి వీచినప్పుడు అవి నేలకు దగ్గరగా, వేగం పెంచి ఎగిరాయి. గాలి వెనుక నుంచి వీచినప్పుడు ఎత్తుకు లేచి నెమ్మదిగా సాగాయి. రెండు సందర్భాల్లోనూ దిశ దాదాపు సరళరేఖలోనే ఉంది. గాలి ఎటు తీసుకుపోతే అటు కొట్టుకుపోయే జీవులుగా కీటకాల వలసను ఊహించే పాత ఆలోచనకు ఇది గట్టి దెబ్బ.

సందేహి:
ఆ చిమ్మటలు ప్రయోగశాలలో పెంచినవి కదా. అడవిలో పుట్టినవి కూడా అలాగే ఎగురుతాయని ఎలా చెప్పగలం?

దూరతీరం:
పెంచినవే. కానీ ఈ ప్రశ్న విషయంలో అది బలహీనత కాదని నా వాదన. ముందెన్నడూ ఆ దారిన ప్రయాణించని, ఏ అనుభవమూ లేని చిమ్మట విడిచిన మొదటి రాత్రే దక్షిణ దిశను పట్టుకుని, గాలి మారినా ఆ దిశను వదలకపోతే, ఆ సామర్థ్యం పుట్టుకతో వచ్చిందని అనుకోవడానికి అంతకంటే స్పష్టమైన పరిస్థితి ఇంకేం కావాలి? ఈ సుదీర్ఘ ప్రయాణానికి ఇంధనం తేనెలో ఉన్న చక్కెర అని గుర్తుంచుకుంటే, తేనెగూళ్ళ మీద దాడికి ఉన్న ప్రాధాన్యం కూడా అర్థమవుతుంది.

తేనెగూడు:
ఇంధనం విలువ ఈగలకూ తెలుసు. బలమైన గూటికి ఒకటి రెండు చిమ్మటలు తాగే తేనె లెక్కలోకి రాదు. ఈగల సంఖ్య తగ్గి, ద్వారం దగ్గర కాపలా పలచబడిన గూళ్ళలోనే వీటి రాకపోకలు ఇబ్బంది పెడతాయి. అలాంటప్పుడు చిమ్మట మీద కోపం తెచ్చుకోవడం కంటే గూడు ఎందుకు బలహీనపడిందో చూడడం మంచిది.

వానచినుకు:
చివరిగా ఒక సందేహం. ఆసియాలో ఉన్న స్టిక్స్, లాకెసిస్ జాతులను ఫొటోలో విడదీసి గుర్తించడం ఎలా? రెండింటికీ పుర్రె మచ్చ ఉంటుంది కదా.

నిశిరెక్క:
పుర్రెను పక్కనపెట్టి వెనుక రెక్కలను చూడండి. స్టిక్స్ వెనుక రెక్క పసుపు రంగులో ఉండి, దాని మీద రెండు ముదురు పట్టీలు విడివిడిగా కనిపిస్తాయి. లాకెసిస్ వెనుక రెక్క మొదలు దగ్గర పెద్ద నల్లటి మచ్చ ఉండి, పట్టీలు కూడా వెడల్పుగా ఉండడం వల్ల పసుపు తక్కువగా, నలుపు ఎక్కువగా అనిపిస్తుంది. పరిమాణంలోనూ అదే పెద్దది. ఇబ్బంది ఏమిటంటే, విశ్రాంతిగా వాలి ఉన్నప్పుడు ముందు రెక్కలు వెనుక రెక్కలను పూర్తిగా కప్పేస్తాయి. చిమ్మటను పుల్లతో మెల్లగా కదిలిస్తే అది కీచుమంటూ రెక్కలు ఎత్తి, పసుపు నలుపు చారల ఉదరాన్ని ప్రదర్శిస్తుంది. ఆ క్షణంలో తీసిన ఫొటో గుర్తింపుకు సరిపోతుంది. స్టిక్స్, అట్రోపోస్ రెండూ కనిపించే పశ్చిమాసియా ప్రాంతాల నుంచి ఫొటోలు పంపేవారు ఉదరం అడుగు భాగాన్ని కూడా చూపాలి. అట్రోపోస్‌కు అక్కడ ముదురు అడ్డపట్టీలు ఉంటాయి, స్టిక్స్‌కు ఉండవు.